గల్లాలో ఓనరు చెయ్యి

రాత్రి తొమ్మిదిన్నర. షట్టరు సగం దించారు. లోపల క్యాషియర్ నోట్లు రెండోసారి లెక్కపెట్టింది. రెండోసారీ 640 రూపాయలు తక్కువే. ఓనరు "చూసుకోవాలి కదమ్మా" అని ఒక మాట అనేసి, నెలాఖరున జీతంలో కోసుకుంటే సరి అనుకుంటూ బండి తీశాడు. మధ్యాహ్నం వినాయకచవితి చందా వాళ్లొస్తే అదే గల్లాలోంచి ఐదొందల నోటు తీసిచ్చింది ఎవరో ఆ సమయానికి ఎవరికీ గుర్తులేదు. తీసిచ్చిన ఓనరుకి కూడా.

బట్టల కొట్టు కానీ, హార్డ్‌వేర్ షాపు కానీ, కిరాణా కానీ, పదీ పాతికమంది పనిచేసే ఏ చోటికి వెళ్లినా యజమానుల నోట వినే మాట ఒకటే: "మావాళ్లకి బాధ్యత లేదండీ." ఈ ఫిర్యాదు నాకు సగమే ఒప్పుతుంది. లెక్క చెప్పమని ఒకరిని నిలదీయాలంటే ఆ లెక్క వాళ్ల ఒక్కరి చేతిలోనే ఉండాలి. గల్లా తాళం క్యాషియర్ దగ్గరుండి, చేతులు మాత్రం ఓనరువీ, ఓనరు తమ్ముడివీ, స్కూలు నుంచి వచ్చి చాక్లెట్టుకు పది రూపాయలు తీసుకునే పిల్లాడివీ కూడా అయినప్పుడు, రాత్రికి వచ్చే లోటు ఎవరిదో తేల్చే మార్గమే ఉండదు. చిన్న వ్యాపారాల్లో జవాబుదారీతనం చెడేది అక్కడే. పైనుంచి కిందికి చెడుతుంది కాబట్టి బాగుచేయడమూ పైనుంచే మొదలెట్టాలి.

ఆ 640 సంగతే చూద్దాం. ఉదాహరణకి ఒక రోజు లెక్క ఇలా ఉందనుకోండి. పొద్దున గల్లాలో పెట్టిన చిల్లర 3,000. రోజంతా కొట్టిన బిల్లులు 48,650. అందులో యూపీఐ 27,480, కార్డు 3,200, అరువు 2,150. అవి తీసేస్తే నగదు అమ్మకం 15,820. పాత బాకీ ఒకరు 1,200 కట్టారు. హమాలీకి 350, ఆటోకి 400, టీలకి 180, మొత్తం 930 ఖర్చు. అంటే గల్లాలో ఉండాల్సింది 19,090. లెక్కపెడితే ఉన్నది 18,450. ఆ తేడాలో 500 చందా. మిగిలిన 140, ఒక కస్టమర్ వస్తువు వెనక్కిస్తే డబ్బిచ్చేసి బిల్లు మాత్రం అలాగే వదిలేసింది. మొదటిది ఓనరు తప్పు, రెండోది పద్ధతి లేకపోవడం. క్యాషియర్ దొంగతనం ఇందులో ఒక్క రూపాయి లేదు. కానీ కోత పడేది ఆమె జీతంలోనే.

ఆ కోత చట్టం ముందు కూడా నిలవదు. డబ్బు అప్పగించిన ఉద్యోగి దగ్గర లోటు వస్తే జీతంలోంచి పట్టుకోవచ్చని వేతనాల చట్టం ఒప్పుకుంటుంది. కానీ రెండు షరతులు పెడుతుంది: ఆ నష్టం నేరుగా అతని నిర్లక్ష్యం వల్లో తప్పు వల్లో జరిగి ఉండాలి, కోసే ముందు అతని సంజాయిషీ వినాలి. అదే డ్రాయర్లో ఇంకో ముగ్గురు చెయ్యి పెడుతుంటే మొదటి షరతు ఎలా రుజువు చేస్తారు? చట్టం రాసినవాళ్లకి గల్లా సంగతి మన సేట్ల కంటే బాగా తెలుసనిపిస్తుంది.

బాగుచేయడానికి కావలసిన మొదటి పరికరం స్టేషనరీ షాపులో దొరికే వోచర్ల పుస్తకం, వరస నంబర్లు ముద్రించి, కార్బన్ పెట్టి రాసేది. గల్లాలోంచి డబ్బు ఎవరు తీసినా స్లిప్పు. తేదీ, ఎంత, దేనికి, ఎవరు తీశారు, సంతకం. స్లిప్పు డ్రాయర్లోనే ఉండాలి. రాత్రి లెక్కలో అదీ నోటు లాంటిదే. ఓనరు తీసింది "సొంత వాడకం" కింద పడాలి, దుకాణం ఖర్చులో కలపకూడదు. కలిపితే లాభం ఎంతో మీకే తెలియదు, పైగా ఇంటి ఖర్చుని వ్యాపారం ఖర్చుగా చూపిస్తే ఆదాయపన్నులో అది చెల్లదు. ఇంకా మంచిది, ఓనరు తనకి నెలకింతని ముందే అనుకుని, నెలకి రెండుసార్లు బ్యాంకు ద్వారా ఇంటి ఖాతాకి మార్చుకోవడం. అప్పుడు గల్లా ముట్టుకోవాల్సిన పని నూటికి తొంభై సార్లు రాదు. (చాలామంది ఈ పుస్తకం కొనరు. నాలుగు సీసీ కెమెరాలు కొంటారు. కెమెరా ఎవరు తీశారో చూపిస్తుంది, దేనికి తీశారో చూపించదు. అయినా ఓనరు చెయ్యి కనిపించే ఫుటేజీని ఎవరైనా తిరగేస్తారా?)

రాత్రి లెక్కకీ ఒక క్రమం ఉంది. ముందు మామూలు చిల్లర 3,000 పక్కకు తీసి రేపటికి కవర్లో పెట్టాలి. తర్వాత క్యాషియర్ నోట్లు రకాల వారీగా కాగితం మీద రాయాలి: ఐదొందలవి ఎన్ని, రెండొందలవి ఎన్ని, వందలెన్ని, నాణేలు ఎంత. మొత్తం వేసి సంతకం పెట్టాక మాత్రమే కంప్యూటర్లో ఎంత ఉండాలో చూడాలి. ఈ వరస తిరగబడితే లెక్క పనికిరాదు. చిల్లర పోగా 16,090 రావాలని ముందే తెలిసిన మనిషి 16,090 వచ్చేదాకా లెక్కపెడుతుంది, రాకపోతే పర్సులోంచి వేస్తుంది, ఎక్కువొస్తే తీసి పక్కన దాస్తుంది రేపటి లోటుకి పనికొస్తుందని. బయటికి మాత్రం ముప్పై రోజులూ గల్లా చక్కగా కలిసిపోయినట్టు కనిపిస్తుంది. నెలంతా ఒక్క రూపాయి తేడా రాని నగదు కౌంటరు చూస్తే నాకు మెచ్చుకోబుద్ధి కాదు, అనుమానం వస్తుంది.

ఇంకో అలవాటు: తక్కువొస్తే అరిచే ఓనరు, ఎక్కువొస్తే జేబులో వేసుకుని నవ్వుకుంటాడు. ఎక్కువ రావడం అంతకన్నా పెద్ద జబ్బు కావచ్చు. చిల్లర తక్కువిచ్చి ఉండాలి, అప్పుడు రేపు ఒక కస్టమర్ గొడవకొస్తాడు. లేదా బిల్లు కొట్టకుండా సరుకు అమ్మి ఉండాలి, అప్పుడు ఆ డబ్బు బయటికి వెళ్లేలోపు షాపు కట్టేసే టైమైంది అన్నమాట. తక్కువనీ ఎక్కువనీ ఒకే పుస్తకంలో, ఒకే రంగు సిరాతో, కారణంతో సహా రాయాలి. ఇరవై, ముప్పై రూపాయల తేడాకి కారణం వెతకొద్దు, రాసి వదిలేయండి. ఎంత దాటితే వెతకాలో ఒక హద్దు పెట్టుకోండి. వంద పెట్టుకుంటారో, అమ్మకంలో రూపాయికి అరపైసా పెట్టుకుంటారో మీ ఇష్టం. హద్దు దాటిన తేడాని మాత్రం మర్నాడు బోణీకి ముందే అడగాలి. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు నెలాఖరున అడిగితే ఆ రోజు ఏం జరిగిందో దేవుడికి కూడా గుర్తుండదు.

యూపీఐ వచ్చాక ఈ లెక్కలో కొత్త కన్నం పడింది. కౌంటరు మీద మూడు క్యూఆర్ కోడ్‌లు. ఒకటి షాపు పేరు మీద, ఒకటి ఓనరు సొంత నంబరుది, ఇంకోటి ఆయన భార్య ఖాతాది. నెట్‌వర్క్ రాకపోతే ఇది, లిమిట్ అయిపోతే అది. సౌండ్‌బాక్స్ "అందాయి" అని అరుస్తుంది కానీ ఒక కోడ్‌కే ఆ అరుపు, మిగతా రెంటికీ కస్టమర్ ఫోను చూపించే స్క్రీన్‌షాటే సాక్ష్యం. దొంగ స్క్రీన్‌షాట్ చూపించి వెళ్లిపోయినవాడి సొమ్ము కూడా చివరికి క్యాషియర్ నెత్తినే. షాపు కరెంట్ అకౌంటుకి ముడిపెట్టిన ఒక్క క్యూఆరే ఉంచండి. మర్చంట్ యాప్‌లో కౌంటరు మనిషి రావడాలు చూడగలగాలి, డబ్బు కదపకూడదు; ఆ ఏర్పాటు చేయడానికి పది నిమిషాలు పట్టదు. రాత్రి యాప్ చూపించే మొత్తాన్నీ, బిల్లుల్లో యూపీఐ అని పడిన మొత్తాన్నీ పక్కపక్కన రాయండి. నగదు అమ్మకాన్ని యూపీఐ అని కొట్టేయడం, యూపీఐని నగదని కొట్టేయడం, ఈ తికమక వారంలో ఒకట్రెండుసార్లు ఎక్కడైనా జరుగుతుంది. నగదులో తగ్గిన అంకే యూపీఐలో పెరిగితే, లేదా అటుది ఇటైతే, అది పొరపాటు. ఒకవైపే తగ్గితే వెతకాలి.

డబ్బు తర్వాత సరుకు. ఇక్కడ చెప్పాల్సింది కొంచెమే, కానీ సరుకు దించుకునే మనిషీ, నిల్వ లెక్కపెట్టే మనిషీ ఒకరే కాకూడదన్న ముక్క మాత్రం వదలకూడదు. బియ్యం అమ్మే కొట్టు తీసుకోండి. 2022 జులై 18 నుంచి లేబుల్ వేసి ప్యాక్ చేసిన బియ్యం 25 కిలోల వరకూ 5 శాతం జీఎస్టీ కిందికి వచ్చింది. దాంతో మిల్లులు 26 కిలోల మూటలు దింపడం మొదలుపెట్టాయి. ఇప్పుడు ఒకే గోడౌన్లో 25వీ, 26వీ పక్కపక్కనే ఉంటాయి. స్టాకు పుస్తకంలో "మూట" అని మాత్రమే రాస్తే, విప్పి విడిగా అమ్మే చోట వంద మూటలకి వంద కిలోల దాకా ఇటో అటో తేలుతుంది. ఆ వంద కిలోలు తరుగు కింద పోయాయంటే ఎలక తిందంటారు, హమాలీ మీద పెడతారు, చివరికి గోడౌన్ కుర్రాడి ఉద్యోగం పోతుంది. పుస్తకంలో ఒక గడి ఎక్కువ గీసి బరువు రాసుంటే తీరే గొడవ. ఏడాదికొకసారి మార్చిలో మొత్తం స్టాకు లెక్కపెట్టడం ఆడిటర్ కోసం. మీ కోసమైతే రోజూ ఓ పదిహేను రకాలు లెక్కపెట్టండి, ఖరీదైనవీ జేబులో పట్టేవీ వారానికొకసారి తప్పకుండా తిరిగి వచ్చేలా.

ఇక మేనేజరు. జీతం పాతిక వేలిచ్చి మేనేజరని పేరు పెడతారు, రెండొందల రూపాయల డిస్కౌంటుకి కూడా ఓనరుకి ఫోను చేయాలి. ఆయన పెళ్లిలో ఉంటాడు, ఫోనెత్తడు, కస్టమర్ వెళ్లిపోతాడు, మర్నాడు "నువ్వుండి ఏం చేస్తున్నావ్" అంటాడు. హద్దులు కాగితం మీద రాసిస్తే ఈ బాధ సగం పోతుంది. అడగకుండా ఎంత వరకూ ఖర్చు పెట్టొచ్చు (2,000 అనుకోండి), ఎంత శాతం తగ్గించొచ్చు, ఎన్ని రోజుల్లోపు సరుకు వెనక్కి తీసుకోవచ్చు, కొత్త వాళ్లకి అరువు ఎంత, ఎవరికి అసలు ఇవ్వకూడదు. ఒక్క పేజీ చాలు. రెండో పేజీకి వెళ్లిందంటే ఎవరూ చదవరు.

ఆ కాగితాన్ని చించేసేది మళ్లీ ఓనరే. మేనేజరు "అరువు కుదరదండీ" అన్న కస్టమర్ పక్కకెళ్లి ఓనరుకి ఫోను కొడతాడు. "మనవాడేరా, ఇచ్చేయ్" అని అటునుంచి ఆర్డరు. ఇక ఆ కస్టమర్ మేనేజర్ని ఎప్పుడూ అడగడు. చుట్టూ ఉన్న సేల్స్ కుర్రాళ్లకీ విషయం అర్థమైపోతుంది. ఆరు నెలల తర్వాత ఆ బాకీ రాకపోతే వసూలు బాధ్యత మాత్రం మేనేజరుది! ఓనరు తన మేనేజరు మాట మార్చకూడదని అనను, ఒక్కోసారి మార్చాల్సిందే. కానీ కస్టమర్‌తో "మా మేనేజర్ గారితో మాట్లాడి చెప్తాను" అని, మేనేజరుకి ఫోన్ చేసి, ఇచ్చే మాట అతని నోటితోనే ఇప్పించాలి. ఎవరి మాట మీద ఇచ్చారో తెలిసేలా, ఖాతాలో ఆ అరువు ఎదురుగా ఓనరు పేరు పడాలి. రాకపోతే సొంత వాడకం కిందికే తోసేయాలి. రెండుసార్లు అలా తోస్తే ఫోన్లు వాటంతటవే తగ్గుతాయి.

మన దగ్గర అసలు పరీక్ష చుట్టాలతోనే. బావమరిది కొనుగోళ్లు చూస్తాడు, పెద్దమ్మ కొడుకు గోడౌన్ చూస్తాడు. హాజరు పట్టీలో వాళ్ల పేర్లుండవు. పదకొండింటికొస్తారు. వాళ్లని ఏమైనా అంటే రాత్రి ఇంట్లో అన్నం దగ్గర గొడవ. జీతం ఎంతో కూడా చెప్పుకోరు, "అవసరమైనప్పుడు తీసుకుంటాడు లే" అంటారు. ఆ తీసుకోవడం గల్లాలోంచే. పద్దెనిమిదేళ్లుగా పనిచేసే గుమాస్తా ఇదంతా చూస్తూనే ఉంటాడు, నోరెత్తడు. తను ఒకరోజు పావుగంట ఆలస్యంగా వస్తే మాత్రం "టైమెంతయింది?" అన్న మాట పడాలి. చుట్టాన్ని పెట్టుకోవడం తప్పని నేననను. నమ్మకం అనేది కొనుక్కుంటే దొరికే సరుకు కాదు. కానీ అతనికి ఒక పని, ఒక జీతం, అది బ్యాంకులో పడే ఒక తారీకు ఉండాలి, హాజరు పట్టీలో పేరుండాలి. అతను ఇంట్లో కష్టానికి సాయం అడిగితే ఇంటి డబ్బుతో చేయండి, షాపు డబ్బుతో కాదు. ఈ మాట బావమరిదికి చెప్పడం కష్టం. చెప్పలేకపోతే గుమాస్తాకి క్రమశిక్షణ గురించి ఏమీ చెప్పకపోవడమే మర్యాద.

తారీకుల విషయానికి వస్తే, ఓనరు జవాబుదారీతనం అంకెల్లోనే కనిపిస్తుంది. జీతాలు 7లోపు. టీడీఎస్ (ఇచ్చే డబ్బులోంచి ముందే పట్టుకునే ఆదాయపన్ను) కోసే వాళ్లయితే అదీ 7నే. జీఎస్టీ రిటర్నులు నెల నెలా వేసేవాళ్లకి అమ్మకాల వివరాలు చూపే జీఎస్టీఆర్-1 11కి, పీఎఫ్, ఈఎస్ఐ 15కి, పన్ను కట్టే రిటర్ను 3బి 20కి. ఒక్కో తారీకు పక్కన ఒక్క మనిషి పేరు. "అకౌంట్స్ వాళ్లు" అని రాస్తే తిలా పాపం తలా పిడికెడే, పనిమాత్రం జరగదు. "ఆడిటర్ గారు చూసుకుంటారు" అన్నది ఇంకా అందమైన అబద్ధం. ఆయనకి కొనుగోలు బిల్లులు 19వ తేదీ సాయంత్రం వాట్సాప్‌లో ఫోటోలుగా పంపితే ఆయనేం చూసుకుంటాడు? ఆలస్యమైన 3బికి రోజుకి 50 రూపాయల ఫీజు, కట్టాల్సిన పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ మీ జేబులోంచే. జీఎస్టీఆర్-1 ఆలస్యమైతే మీ దగ్గర కొన్న వ్యాపారికి ఆ నెల క్రెడిట్ (మీకు కట్టిన పన్నుని తన పన్నులో తగ్గించుకునే వీలు) కనిపించదు. అతను వచ్చే నెల పక్క షాపులో కొంటాడు, ఎందుకో మీకు చెప్పడు కూడా.

వీటన్నిట్లో పీఎఫ్ వేరు. ఇరవైమంది, అంతకన్నా ఎక్కువ పనిచేసే చోట వర్తిస్తుంది. 15,000 జీతం మీద ఉద్యోగి వాటా 12 శాతం, అంటే 1,800. ఇరవై ఇద్దరికి 39,600. జీతంలోంచి కోసిన ఆ డబ్బు వాళ్లది, షాపుది కాదు. సీజన్ సరుకుకి అడ్వాన్సు కావాలని, 15 దాటినా ఫరవాలేదులే అని వాడేసుకునే ఓనర్లు తక్కువేం లేరు. ఆలస్యంగా కట్టినా వడ్డీతో సరిపోతుందనుకుంటారు. ఉద్యోగి వాటా గడువులోగా జమ కాకపోతే, అప్పటి చట్టం ప్రకారం, ఆదాయపన్నులో ఆ మొత్తాన్ని ఖర్చుగా తీసుకునే హక్కే పోతుందని 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు తేల్చేసింది. అసలు కోసి జమ చేయకపోవడాన్ని భారతీయ న్యాయ సంహిత నేరపూరిత నమ్మకద్రోహం కింద లెక్కేస్తుంది. క్యాషియర్ దగ్గర 640 తక్కువొస్తే ఆమెని దొంగలా చూసిన కళ్లే, 39,600 పక్కకి మళ్లిస్తే "కొంచెం టైట్‌గా ఉంది" అంటాయి. ఉద్యోగులకి ఇప్పుడు ఫోన్లో పాస్‌బుక్ కనిపిస్తుంది. వాళ్లు చూసుకుంటారు. ఓనరుతో ఏమీ అనరు, పనిలో చూపిస్తారు.

తప్పు దొరికినప్పుడు మనిషిని ఎలా అడగాలన్న దానికి పెద్ద విద్యలేం అక్కర్లేదు. కస్టమర్ల ముందు కాదు, వెనక గదిలో. నోటి మాటతో కాదు, ఆ రోజు కాగితం బల్ల మీద పెట్టి. మొదటి ప్రశ్న "ఎందుకిలా చేశావ్" అని మొదలైతే అవతలివాళ్లు సమర్థించుకోవడం మొదలెడతారు. "ఈ బిల్లు దగ్గర ఏం జరిగిందో వరసగా చెప్పు" అంటే సంగతి బయటికొస్తుంది. తెలియక చేస్తే నేర్పాలి. తెలిసీ పని ఒత్తిడిలో చేస్తే ఆ గంటలో ఇంకో మనిషిని కౌంటరు మీద పెట్టాలి. లోటు ఎప్పుడూ సాయంత్రం ఆరూ ఎనిమిది మధ్యే వస్తోందా అని చూస్తే ఇది తెలిసిపోతుంది. కావాలని చేస్తే పంపేయాలి, బాకీ జీతం లెక్కకట్టి ఇచ్చి మరీ. ఈ మూడింటికీ ఒకే తిట్టు తిట్టే ఓనరు దగ్గర మంచివాళ్లే ముందు మానేస్తారు.

ఇదంతా దసరాకో సంక్రాంతికో ముందు మొదలుపెట్టకండి. రద్దీలో కొత్త పుస్తకం బతకదు. సీజను వెళ్లాక, ఒకటో తారీకున మొదలెట్టండి. మొదటి రెండు వారాలు తేడాలు ఇదివరకటి కంటే ఎక్కువొస్తాయి, భయపడొద్దు, అప్పటిదాకా దాగినవే బయటపడుతున్నాయి. మూడో వారంలో పుస్తకం చచ్చిపోతుంది, ఓనరు పొద్దున్నే చూసి సంతకం పెట్టకపోతే. ఆ సంతకానికి పట్టేది రెండు నిమిషాలు. నాలుగు రోజులు ఆ గడి ఖాళీగా కనిపిస్తే ఐదో రోజు క్యాషియర్ కూడా అంచనాగా రాసేస్తుంది.

మొదటి నెల్లోనే ఓ రాత్రి ఆ అమ్మాయి కొంచెం గొంతు తగ్గించి అడుగుతుంది: "సార్, మధ్యాహ్నం మీరు తీసుకున్న ఐదొందలకి స్లిప్పు లేదు." అప్పటికి బండి తాళాలు చేతిలో ఉంటాయి, ఇంటి నుంచి రెండుసార్లు ఫోను వచ్చి ఉంటుంది, పక్కన ఇద్దరు సేల్స్ కుర్రాళ్లు వినీ విననట్టు బట్టలు మడతపెడుతూ ఉంటారు. తాళాలు కౌంటరు మీద పెట్టి, పెన్ను అడిగి తీసుకుని, రాయండి. తేదీ, 500, చందా, సొంత వాడకం, సంతకం.